గోల్ఫ్ మైదానం కనబడే ఇల్లు

మా ఆయనకు గోల్ఫ్ అంటే ఏమిటో తెలియదు. ఈ సంగతి మొదటే చెప్పేస్తే నాకు సగం భారం తగ్గుతుంది. బంతిని కొట్టేదాన్ని బ్యాట్ అనాలో కర్ర అనాలో తెలియని మనిషి, సూరత్‌లో చీరల మార్కెట్ తప్ప ఇంకో మైదానం తొక్కని మనిషి, లాక్‌డౌన్ పెట్టిన ఏడాది మా నెత్తి మీదికి గోల్ఫ్ ఇల్లు తెచ్చాడు.

అప్పుడు మేం సూరత్‌లోనే నవాగామ్‌లో ఉండేవాళ్ళం. రెండు గదులు, ఒక వంటగది, వీధి మీదికి ఒక చిన్న బాల్కనీ. మా ఆయన సలాబత్‌పురాలో చీరల ఏజెంటు. నేను లూమ్ కార్మికుల పిల్లలు చదివే తెలుగు మీడియం బడిలో టీచర్ని. మాతో పాటు మా మామ. ఆయన కరీంనగర్ వైపు నుంచి పెళ్ళి కాకముందే సూరత్ వచ్చి, నలభై ఏళ్ళు పవర్‌లూమ్‌ల మీద పనిచేసి, మా అత్త చనిపోయిన ఏడాది పని మానేశాడు. మార్చిలో మార్కెట్ మూసేశారు, బడి మూసేశారు, మా ఎదురుగా ఉన్న కార్ఖానాలో మగ్గాలు ఆగిపోయాయి. నేను బియ్యం డబ్బా మీద ఫోన్ నిలబెట్టి పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. నలభై మందిలో ఏడుగురు కనబడేవారు, ఆ ఏడుగురిలో ఇద్దరు నిద్రపోతుండేవారు. పక్క గదిలో మా ఆయన ఇంకో ఫోన్‌లో ఇళ్ళ బొమ్మలు చూస్తుండేవాడు.

మొదట్లో నేను పట్టించుకోలేదు. ఖాళీగా కూర్చున్న మగవాడు వంటలో వేలు పెట్టకుండా ఏం చూసుకున్నా నాకు సంతోషమే. కానీ ఒకరోజు ఆ బొమ్మ నా ముందు పెట్టాడు. డుమస్ రోడ్డు మీద, ఊరికి అవతల, పచ్చటి మైదానం చుట్టూ ఎత్తయిన టవర్లు. మైదానంలో తెల్ల టోపీ పెట్టుకున్న ఒకాయన కర్ర ఎత్తి నవ్వుతున్నాడు. ఇక్కడ మనం ఉంటే ఎట్లుంటుందో చెప్పమన్నాడు. కూరగాయలు ఎక్కడ దొరుకుతాయని అడిగాను. నాకు కలలు కనడం రాదని ఆయన ఆ పూట అన్నం సగంలో వదిలేశాడు.

ఆ తర్వాత గొడుగు బయటికొచ్చింది. యూట్యూబ్‌లో చూసి, గొడుగు తిరగేసి పట్టుకుని, నడుం తిప్పుతూ లేని బంతిని కొట్టేవాడు. మూడో రోజు గోడ మీది క్యాలెండర్ చిరిగింది. అయిదో రోజు ట్యూబ్‌లైటు పగిలింది. గాజు పెంకులు ఊడుస్తూ నేను ఎన్ని మాటలన్నానో లెక్కలేదు, ఆయన మాత్రం భుజం ఇంకొంచెం కిందికి దించాలని చెప్పి లోపలికెళ్ళాడు.

ఇక మా మామ సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. లూమ్ కార్ఖానాలో మగ్గాలు, మా మామ మాటలో సాంచెలు, ఆడుతుంటే పక్కన నిలబడి అరిచినా వినబడదు. అందుకని అక్కడివాళ్ళు అరవరు. శబ్దం లేకుండా పెదాలు మాత్రం విప్పి కదుపుతారు, అవతలివాడు వాటిని చూసి అర్థం చేసుకుంటాడు. దారం తెగిందని, సేటు వస్తున్నాడని, సాయంత్రం చాయ్ నీదేనని, అన్నీ పెదాల మీదే. నలభై ఏళ్ళలో మా మామ చెవులు పూర్తిగా పోయాయి, కానీ అంతగా పోయాయని ఇంట్లో ఎవరికీ సరిగా తెలియదు. ఎందుకంటే ముఖం కనబడితే చాలు, తెలుగైనా హిందీ అయినా గుజరాతీ అయినా ఆయన మాట పట్టేస్తాడు. పెళ్ళయి వచ్చిన కొత్తలో నేనూ ఆ విద్య కొంత నేర్చుకున్నాను. అత్త పడుకుని ఉంటే నేను వంటగదిలోంచి గొంతు లేకుండా అడిగేదాన్ని, ఆయన బాల్కనీలోంచి గొంతు లేకుండా చెప్పేవాడు. చాయ్ వేళ ఎదురు కార్ఖానా కిటికీలోకి వచ్చిన మనుషులతో వీధి ఇవతలి నుంచి గంటసేపు ముచ్చట పెట్టేవాడు, కింద పోయేవాళ్ళకు ఒక్క ముక్క వినబడేది కాదు. మా ఆయన మాత్రం ఇది నేర్చుకోలేదు. చిన్నప్పటి నుంచి తండ్రి చెవి దగ్గరికెళ్ళి అరవడమే ఆయనకు అలవాటు.

అప్పుడు మాస్క్‌లు వచ్చాయి. ఒకరోజు మామ పాలకని వెళ్తే మూల మీద పోలీసు ఆపి, మాస్క్ వెనుక నుంచి ఎక్కడికని అడిగాడు. మామకు ఏమీ తెలియక నవ్వి తల ఊపాడు. ఎగతాళి చేస్తున్నాడనుకుని ఆ పోలీసు అరగంట ఎండలో నిలబెట్టాడు. ఆ రోజు నుంచి మామ గుమ్మం దాటడం మానేశాడు. జూన్‌లో మార్కెట్ తెరిచాక మా ఆయన ఇంట్లో కూడా మాస్క్ తీయడం మానేశాడు. తండ్రికి అంటిస్తానేమో అని భయం. పడుకునేటప్పుడు తప్ప దించేవాడు కాదు, అన్నం వేరే గదిలో తినేవాడు. ఆ భయం ప్రేమ నుంచి వచ్చిందే, కాదనను. కానీ ఆ గుడ్డ వెనుక ఆయన మాట్లాడిన నాలుగైదు నెలలూ తండ్రికి కొడుకు మాట ఒక్కటీ అందలేదు. అరిచినా లాభం లేకపోయింది. కొన్నాళ్ళకు మా ఆయన అరవడం కూడా ఆపేసి, తండ్రికి చెప్పాల్సినవి నాతో చెప్పించేవాడు.

వానలు తగ్గుముఖం పట్టాక ఆ గోల్ఫ్ కంపెనీ నుంచి వీడియో కాల్ పెట్టారు. బురద వల్ల, కరోనా వల్ల అప్పుడే చూడటానికి రానివ్వరట. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోన్‌ని స్టీలు డబ్బాకు ఆనించి, ముందు కూర్చున్నాడు. వెనుక మంచం మీద నేనూ మామా. అవతల ఒక కుర్రవయసు దాటిన సేల్స్‌మన్. తన గదిలో ఉన్నాడు కాబట్టి మాస్క్ లేదు. గంటలో మూడొంతులు గాలి గురించి చెప్పాడు, అక్కడ గాలి వేరట. మా ఆయన ప్రతి మాటకూ తల ఊపుతుంటే వెనుక నుంచి నాకు ఒళ్ళు మండింది. తర్వాత ఎక్కడుంటారు, ఏం చేస్తారు, ఏ రాష్ట్రం అని వరసగా అడిగాడు. మా ఆయన నవాగామ్ అని చెప్పాడు. తెలంగాణ అని, తండ్రి లూమ్‌ల మీద పనిచేశాడని గర్వంగానే చెప్పాడు.

సేల్స్‌మన్ ఒక్క నిమిషం అని వేలు చూపించి, మైక్ ఆపేశాడు. చాయ్ కప్పుతో ఒక పెద్దమనిషి తెరలోకి వచ్చి నిలబడ్డాడు. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. మా ఆయన ఇటు హలో హలో అని, ఆవాజ్ రావడం లేదని, నెట్‌వర్క్ పాడుగాను అని తిట్టుకుంటూ ఫోన్‌ని అటూ ఇటూ జరిపాడు. నేను మామ వైపు చూశాను. ఆయన కళ్ళు చిన్నవి చేసి, కొంచెం ముందుకు వంగి, తెరనే చూస్తున్నాడు. కార్ఖానా కిటికీ వైపు చూసేటప్పుడు అలాగే చూసేవాడు. పెద్దమనిషి పెదాల మీద నాకూ ఒక మాట దొరికింది. పాఛళ్. గుజరాతీలో వెనుక అని.

మా ఆయన వీపు మా ముందే ఉంది. ఏమంటున్నారని నేను గొంతు లేకుండా అడిగాను. ఏమీ లేదని మామ గొంతు లేకుండానే చెప్పాడు. నేను ఊరుకోలేదు, వెనుక అంటున్నారు కదా అన్నాను. ఆయన నా వైపు చూడటం మానేశాడు. అంతలో సేల్స్‌మన్ మైక్ పెట్టి, మీకోసం ఒక మంచి టవర్ ఉంది సార్, చాలా ప్రశాంతంగా ఉంటుంది అన్నాడు.

ఆ సాయంత్రం మామ వంటగదిలోకి వచ్చినప్పుడు పట్టుకుని అడిగితే చెప్పాడు. ఆ పెద్దమనిషి అన్నది ఇదీ: వీళ్ళు లూమ్‌వాళ్ళు, వెనుకది చూపించు, ముందుది ఇస్తే రేపు మిగతావాళ్ళు గొడవ చేస్తారు. నా చేతిలో గరిటె అలాగే ఉంది. ఇప్పుడే వెళ్ళి మా ఆయనకు చెప్పి, ఆ ఫోన్‌ని గొడుగుతో సహా కిందకు విసిరేయిస్తానన్నాను. మామ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"ఉండనీ బిడ్డా. ఆని మొఖం జూడు. ఆర్నెల్ల సంది ఆడు నవ్వంగ జూసినమా? జర నవ్వనీ."

ఉండనిచ్చాను. ఆ తర్వాతి నెల రోజులు నాకు తల ప్రాణం తోకకొచ్చింది. సేల్స్‌మన్ వారానికి రెండుసార్లు ఫోన్ చేసి ఆ వెనుక టవర్‌ని పొగిడేవాడు. ముందు టవర్ గురించి అడగమని నేను పోరితే, అవన్నీ అమ్ముడుపోయాయట అని మా ఆయన తిరిగి నాకే చెప్పేవాడు. వెనుక అయితే ఏమైంది, మైదానం ఒకటే కదా, లిఫ్ట్‌లో దిగితే అదే గడ్డి అనేవాడు. ఆయన మీద కోపం, చెప్పనివ్వని మామ మీద అంతకంటే కోపం. నోరు మూసుకోవడం చేతకాని దానికి ఆ పని అప్పజెప్పితే ఎలా ఉంటుందో, ఆ నెలలో కూరల్లో ఉప్పును అడిగితే చెబుతుంది.

ఆఖరికి ఒక ఆదివారం రమ్మన్నారు. మామను తీసుకెళ్దామని నేనే పట్టుబట్టాను. గేటు దగ్గర చేతుల మీద శానిటైజర్ కొట్టారు, నుదుటి మీద మిషన్ పెట్టారు, మనిషికీ మనిషికీ ఆరడుగులు అన్నారు. సేల్స్‌మన్ రెండు మాస్క్‌లు, వాటి మీద ఒక ప్లాస్టిక్ తొడుగు పెట్టుకుని వచ్చాడు. మమ్మల్ని బ్యాటరీ బండిలో ఎక్కించాడు. మైదానం సగం పచ్చగా ఉంది, మిగతా సగం ఎర్రమట్టి మీద గడ్డి చాపల్లా చుట్టి పెట్టి ఉంది. అయినా మా ఆయన కళ్ళు చెమర్చాయి. మాస్క్ పైన కళ్ళే కదా కనబడేవి, దాచుకోలేకపోయాడు.

బండి మైదానం పక్కనున్న టవర్ దాటి, దాని వెనుక టవర్ దాటి, ఇంకా వెనక్కి వెళ్ళి ఆగింది. అయిదో అంతస్తు. ఇల్లు బాగానే ఉంది, నిజం చెప్పాలి. వంటగది మా నవాగామ్ గదులు రెండూ కలిపినంత ఉంది. బాల్కనీలోకి వెళ్తే ఎదురుగా మురికినీళ్ళు శుద్ధి చేసే ట్యాంకులు, వాటి పక్కన ఒక గోడ, గోడ అవతల బర్రెలు. గోల్ఫ్ ఏదని అడిగాను. స్నానాల గది కిటికీలోంచి కొంచెం పక్కకు వంగితే కనబడుతుందని సేల్స్‌మన్ చెప్పాడు. నేను వెళ్ళి వంగి చూశాను. ఒక జెండా కర్ర పైభాగం కనబడింది.

ఇక తినే తిండి గురించి అడిగాడు. ఇక్కడ అందరూ శాకాహారులు, మీకేమీ ఇబ్బంది లేదు కదా అని. మా ఆయన తడుముకోకుండా ప్యూర్ వెజ్ అన్నాడు. ఆ రోజు పొద్దున్నే ఇంట్లో చేపలు కడిగి పసుపు రాసి పెట్టి వచ్చిన చేతులు నావి. నేను ఆయన ముఖంలోకి చూశాను, ఆయన ట్యాంకుల వైపు చూశాడు. అప్పుడు నాకు కోపం కంటే బాధ ఎక్కువైంది. ఇంకెన్ని దాచుకుంటే ఈ ఇంట్లోకి రానిస్తారో అనిపించింది.

మామకు ఇవేవీ తెలియవు. గంట నుంచి ఆయన చుట్టూ ఒక్క నోరూ కనబడలేదు. వెనుక వెనుకే నడుస్తూ, అందరూ ఆగినచోట ఆగుతూ వచ్చాడు. సేల్స్‌మన్ ఒకసారి ఆయన వైపు చూపించి, దాదాకు వినబడదా అని మా ఆయనను అడిగాడు. ఆ మాట కూడా మామకు అందలేదు. ఆయన బాల్కనీలోకి వెళ్ళి, ట్యాంకులు చూసి, బర్రెలను చూసి, తిరిగి వచ్చి సేల్స్‌మన్‌కు ఆరడుగుల దూరంలో నిలబడ్డాడు. తన మాస్క్ కిందికి దించాడు. నువ్వూ దించమని వేలితో సైగ చేశాడు. ముసలాయన ఏదో అడగబోతున్నాడని ఆ మనిషి మర్యాదగానే తొడుగు ఎత్తి, మాస్క్‌లు దించాడు.

మామ గుజరాతీలో మొదలుపెట్టాడు. తన గొంతు తనకు వినబడదు కాబట్టి ఆయన మాట్లాడితే గట్టిగానే ఉంటుంది. "లూమ్‌వాళా ఛే, పాఛళ్‌వాళు బతావ్." లూమ్‌వాళ్ళు, వెనుకది చూపించు. ఆ రోజు పెద్దమనిషి అన్న మాట, అన్నది అన్నట్టు. పక్క గదిలో గోడలకు రంగు వేస్తున్నవాళ్ళు చేయి ఆపారు. ఈ మాట నా కొడుకు ముఖం మీద అను, వింటాను అన్నాడు మామ.

సేల్స్‌మన్ ముఖం పాలిపోయింది. తప్పని గానీ, అనలేదని గానీ చెప్పి ఉంటే మేమే అయోమయంలో పడేవాళ్ళం. కానీ ఆయనకు నోటికొచ్చింది ఇది.

"లేకిన్ అంకుల్, ఉస్ టైమ్ తో మైక్ బంద్ థా."

అప్పుడు మైక్ బంద్‌లో ఉంది కదా, అట. అన్నాక తానేమన్నాడో తెలిసింది. గబగబా మాస్క్ పైకి లాక్కుని ఫోన్ తీసుకుని బయటికి వెళ్ళాడు. మా ఆయన కదలలేదు. తండ్రినీ నన్నూ మార్చి మార్చి చూశాడు. పది నిమిషాల్లో సేల్స్‌మన్ తిరిగొచ్చి, ముందు టవర్‌లో ఏడో అంతస్తుది ఒకటి ఇప్పుడే క్యాన్సిల్ అయిందని, అదే ధరకు ఇవ్వమని పైవాళ్ళు చెప్పారని అన్నాడు. తీసుకెళ్ళి చూపించాడు కూడా. కింద మైదానమంతా పరుచుకుని ఉంది. చూసి, కిందికి దిగి, గేటు వైపు నడిచాం.

అక్కడి నుంచి డుమస్ సముద్రతీరం దగ్గరే. ఇంటికి వెళ్ళే ముఖాలు లేక అటు పోయాం. ఒక బండి దగ్గర టమాటా భజియాలు తీసుకుని, ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. మా ఆయన పళ్ళెం ముట్టుకోలేదు. నాకైతే ఆ ఇల్లు వాళ్ళ ముఖాన కొట్టి వచ్చేశామనే లెక్క. క్యాన్సిల్ అట. అరగంట క్రితం లేని ఇల్లు, నోరు తెరిచి అడిగితే పుట్టింది. అలాంటివాళ్ళ మధ్య నెత్తిన గుడ్డేసుకుని బతకడం కంటే నవాగామ్ నయమని, భజియా చల్లారకముందే చెప్పేశాను. మా ఆయన నా మాట వినిపించుకోలేదు. నెల రోజులుగా ఈ సంగతి మా ఇద్దరికీ తెలుసా అని అడిగాడు. తెలుసన్నాను. కుర్చీ తిప్పుకుని, తండ్రి ఎదురుగా కూర్చుని, చాలా నెలల తర్వాత మాస్క్ దించాడు.

"నాకెందుకు చెప్పలే బాపూ?"

మామ కొడుకు నోటినే చూశాడు. ఆ నోరు ఎన్నాళ్ళకు కనబడిందో ఆయనకు.

"నువ్వు అడగలేదు కొడుకా. ఈ మాస్క్‌లొచ్చినంక ఇంట్ల నన్ను ఎవ్వలు ఏదీ అడుగుతలేరు. తిను అంటరు. గోలీ ఏస్కో అంటరు. బైటికి పోకు అంటరు. గంతే."

ఆ మూడు మాటలూ అన్నది నేనే. ఆయనతో మాట్లాడేటప్పుడు మాస్క్ దించేది ఇంట్లో నేనొక్కదాన్నే అని నాకు గర్వంగా ఉండేది. దించి నేను చెప్పినవి అవి. సిగ్గేసి పళ్ళెంలోకి చూశాను.

మా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత, బండివాడు కూడా వింతగా చూసేంత స్పష్టంగా, ఒక్కొక్క మాటకూ పెదాలు విప్పుతూ, ఎవరూ నేర్పకుండానే గొంతు తగ్గించి అడిగాడు.

"ఇప్పుడు అడుగుతున్న బాపూ. ఆ ఇల్లు తీసుకుందామా, వద్దా? నువ్వే చెప్పు."

వద్దంటాడని నాకు గట్టి నమ్మకం. అంత మాట పడ్డవాడు, దాన్ని నెల రోజులు కడుపులో దాచుకున్నవాడు ఇంకేమంటాడు? మామ ఒక భజియా తీసుకుని, సగం తిని, మూతి తుడుచుకున్నాడు.

"తీసుకో. ముందటిదే తీసుకో. నలభై ఏండ్లు సాంచెల నడుమ నిలవడ్డ. ఇగ ముందటికచ్చి కూసుంట. ఎవ్వలొచ్చి ఏమంటరో నేను జూస్త."

నాకు మండిపోయింది. బడికి ఎంత దూరమో, ఆదివారం చేపలు ఎక్కడ వండాలో, గేటు దగ్గర రోజూ ఎవరి ముఖం చూడాలో, అన్నీ ఒకేసారి నోటిదాకా వచ్చాయి. మాస్క్ దించి నోరు తెరిచాను. మామ సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. నా వైపు చూడనంతసేపు ఆయనకు నా మాట ఒక్కటీ వినబడదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.